లయెల్ గారింటి టపా

ఉత్తరమా, నీకో దండం.

శిలాశాసనానికి మొక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు. చెక్కించిన రాజుల సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాకు నువ్వు చాలు. నాలుగు మడతలై, లక్కముద్ర వేయించుకుని, టపా బండి సంచిలో నలిగి, చేరవలసిన చేతికి చేరి, ఆ తరువాత ఏ బల్ల సొరుగులోనో పడి నిద్రపోయే నువ్వు. అందులోనూ భూగర్భ శాస్త్రవేత్త చేతిలో పుట్టిన నువ్వు. అతను చదివేది లెక్కకందని కాలం. ఒక నది లోయను కోయడానికి పట్టిన కాలం, ఒక సముద్రపుటడుగు కొండగా లేవడానికి పట్టిన కాలం. అలాంటి మనిషి కూడా నీ నెత్తిన తేదీ వేయకుండా నిన్ను మొదలుపెట్టలేడు. అక్కడే నాకు నీ మీద ప్రేమ పుట్టింది.

ఆ మనిషి పేరు చార్లెస్ లయెల్. 1797లో స్కాట్లండులో, కినోర్డీ అనే పూర్వీకుల ఇంట పుట్టాడు. పది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి మొక్కల పిచ్చి, దాంతే కవిత్వం పిచ్చి. కొడుకు ఆక్స్‌ఫర్డులో చదివాడు, లండనులో లా చదివాడు, వకీలయ్యాడు. కళ్ళు సహకరించలేదు. కాగితాల కట్టలు చదివితే మంటలు, నీళ్ళు. కోర్టు వదిలి కొండలు పట్టాడు. 1830 నుంచి 1833 దాకా మూడు సంపుటాలుగా 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ' రాశాడు. వానా, ఏరూ, అలా, అగ్నిపర్వతమూ ఇవాళ చేస్తున్న పనులే నిన్నా చేశాయనీ, భూమి ముఖం మారడానికి ఆ పనులే చాలుననీ, ప్రళయాలను పిలవనక్కర్లేదనీ వాదించాడు. పుస్తకం ముఖచిత్రంగా ఇటలీలో పొజ్జువోలి దగ్గరి మూడు రాతి స్తంభాలను పెట్టాడు. వాటి నడుం మీద సముద్రపు ఆల్చిప్పలు తొలిచిన గుంటలున్నాయి. మనుషులు లేపిన కట్టడం నీటిలో మునిగి, మళ్ళీ పైకి తేలిందన్నమాట. స్తంభాలు మాత్రం కూలలేదు. అంత నెమ్మదిగా.

వకీలు బుద్ధి ఎక్కడికి పోతుంది? పుస్తకం ఆయన కోర్టు గౌను. మడత నలగదు, మాట తడబడదు. నువ్వో, ఉత్తరమా, వాయిదాకి ముందురాత్రి దీపం దగ్గర కూర్చున్న వకీలువి. సాక్షి నిలుస్తాడా, జడ్జీకి కోపమొస్తుందా, అసలు నేను నమ్ముతున్నది నిజమేనా అని గొణుక్కునేది నీ దగ్గరే. పుస్తకాల్లో లయెల్ ఎప్పుడూ ఒప్పించేవాడే. నీలో ఒప్పుకోలేక అవస్థ పడ్డవాడు. నలభై ఏళ్ళ పాటు.

నీ వెల ఎంతో ముందు చెప్పాలి. లయెల్ యువకుడిగా ఉన్న రోజుల్లో ఇంగ్లండులో ఉత్తరానికి డబ్బు కట్టేది మామూలుగా అందుకున్నవాడే. ఎన్ని కాగితాలున్నాయో, ఎన్ని మైళ్ళు వచ్చిందో లెక్కగట్టి గుమ్మంలో వసూలు చేసేవారు. ప్రతి ఉత్తరమూ ఒక బేరింగు ఉత్తరమే. మన తాతల కాలంలో బేరింగు ఉత్తరం వస్తే ముందు గుండె గుభేలుమనేది, తరువాత జేబు. అందుకని అక్కడివాళ్ళు ఒక కాగితం నిండా అడ్డంగా రాసి, దాన్ని తిప్పి, రాసినదాని మీదే నిలువుగా రాసేవారు. నేతలో పడుగూ పేకా లాగ. కళ్ళు సరిగా లేని మనిషికి అలాంటి ఉత్తరాలు చదవడం ఎంత తపస్సో! 1840 జనవరి 10న దేశమంతటికీ ఒకే రేటు వచ్చింది, అర ఔన్సుకు ఒక పెన్నీ. ఆ మేలో నల్లటి తపాలా బిళ్ళ వచ్చింది. గుమ్మంలో బేరం పోయింది. శాస్త్రం నడిచిన దారుల్లో ఈ పెన్నీ దారి కూడా ఒకటని ఎవరూ పెద్దగా చెప్పరు, నేను చెబుతాను.

మొదట నువ్వు పంటి కథ మోశావు. ససెక్స్‌లో లూయిస్ అనే ఊళ్ళో గిడియన్ మాంటెల్ అని ఒక సర్జన్ ఉండేవాడు. పగలంతా రోగులు, రాత్రంతా ఎముకలు. 1821లో లయెల్ అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ పూట మొదలైన మాటలు ఏళ్ళ తరబడి ఉత్తరాలుగా సాగాయి. మాంటెల్ దగ్గర అరిగిపోయిన ఒక పెద్ద పన్ను ఉంది. ఏ జంతువుదో తెలియదు. 1823లో లయెల్ దాన్ని పారిస్ తీసుకువెళ్ళి ఎముకల శాస్త్రంలో మహానుభావుడు కువియేకి చూపించాడు. ఖడ్గమృగానిది అనేశాడాయన. అంతటివాడు అన్నాక ఇంకేముంది, నవ్వులాటే. మాంటెల్ వదల్లేదు. మరుసటి ఏడు కువియే స్వయంగా ఒక ఉత్తరం రాశాడు. ఇది మొక్కలు తినే సరీసృపానిది కావచ్చు, ఇలాంటిది ఇంతకుముందు ఎరగం అని. 1825లో ఆ జంతువుకు ఇగ్వానోడాన్ అని పేరు పెట్టారు. పన్ను ఎప్పటి పన్నో. దాని బతుకు మలుపు తిరిగింది మాత్రం ఒక పెద్దమనిషి తన మాట తానే వెనక్కి తీసుకుంటూ రాసిన కాగితం మీద.

అదే మాంటెల్‌కు 1827లో లయెల్ ఒక ఉత్తరం రాశాడు. ప్రయాణంలో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లామార్క్ పుస్తకం చదివానన్నాడు. నవలలా చదివించిందన్నాడు. ఒక జీవజాతి మరో జీవజాతిగా మారుతుందన్న వాదన మాత్రం ఒప్పుకోనన్నాడు. ఆ వెంటనే, తనలో తానే అనుకున్నట్టుగా ఇంకో మాట: ఈ వాదనను చివరంటా లాగితే మనిషి ఒరాంగుటాన్ నుంచి వచ్చాడని తేలుతుంది గదా! నవ్వుతూ రాసినట్టే ఉంటుంది. ఆ నవ్వు అడుగున ఒక ముల్లు దిగింది. అప్పటికి ఆయన వయసు 29.

లయెల్ చెల్లెళ్ళకు కూడా నీలో వాటా ఉంది. 1828 చివర సిసిలీలో కంచరగాడిదల మీద తిరుగుతూ ఎట్నా కొండ ఎక్కి దిగి ఇంటికి ఉత్తరాలు రాశాడు. మధ్యధరాలో ఇప్పటికీ బతికున్న గవ్వల అవశేషాలే అక్కడ కొండలోపలి పొరల్లో కనిపించాయి. అంటే అంత పెద్ద ఎట్నా కూడా భూమి లెక్కలో నిన్నటి పిల్ల. చెల్లెళ్ళు పురుగులు పట్టి గుచ్చి దాచే పిల్లలు, అన్న మాటకు ఆశ్చర్యపోవడం తెలిసినవాళ్ళు. 1829 జనవరిలో నేపుల్స్ నుంచి తోటి భూగర్భ శాస్త్రవేత్త మర్చిసన్‌కు రాసిన ఉత్తరం వేరే గొంతు. రాబోయే పుస్తకంలో ఏం చెప్పబోతున్నాడో అందులో తేటతెల్లంగా ఉంది. ఇప్పుడు పనిచేస్తున్న శక్తులు తప్ప వేరే శక్తులు ఎన్నడూ పనిచేయలేదు, ఇప్పటికన్నా ఎక్కువ జోరుతోనూ పనిచేయలేదు. పుస్తకం అచ్చవడానికి ఏడాదిన్నర ముందే దాని ప్రాణం తపాలా సంచిలో ప్రయాణం చేసిందన్నమాట.

ఇక 1830 జూన్‌లో స్క్రోప్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరం చూస్తే వకీలు గారి గడుసుతనం పూర్తిగా బయటపడుతుంది. స్క్రోప్ ఆ పుస్తకాన్ని ఒక పెద్ద పత్రికలో సమీక్షించాలి. భూమి చరిత్రను మోషే గ్రంథాల పట్టులోంచి విడిపించాలి, కానీ బిషప్పులకు కోపం రాకూడదు. ఎదురు తిరిగి కొడితే అందరూ ఏకమవుతారు. మెచ్చుకుంటూ దారికి తెచ్చుకుంటే వాళ్ళే కలిసొస్తారు. కర్ర విరక్కుండా పాము చావాలి. ఇది చదివినప్పుడు నాకు ఆయన మీద కాస్త చిరాకు, కాస్త ముచ్చట. సత్యానికి ఇంత లౌక్యం ఎందుకని చిరాకు. ఆ లౌక్యమంతా దాచుకోకుండా స్నేహితుడికి చెప్పేశాడే అని ముచ్చట.

ఇంతలో నీ మీద గులాబీ నీళ్ళు చల్లే కాలం వచ్చింది. లెనర్డ్ హార్నర్ అనే పెద్దమనిషి కుటుంబంతో జర్మనీలోని బాన్ పట్టణంలో ఉంటున్నాడు. ఆయన కూతురు మేరీతో లయెల్‌కు నిశ్చయమైంది. పిల్ల బాన్‌లో, పిల్లవాడు లండనులో. ఏ రోజు ఏం చేశాడో, ఎవరిని కలిశాడో, ఏ అధ్యాయం ఎంతదాకా వచ్చిందో డైరీలాగ రాసి ఆమెకు పంపేవాడు. ప్రేమలేఖలో ప్రూఫుల గోల రాసేవాణ్ణి ఏమనాలి? మేరీకి అది తప్పుగా తోచినట్టు లేదు. 1832 జులై 12న బాన్‌లో పెళ్ళయింది. కొత్త దంపతులు అట్నుంచటే రైన్ వెంట స్విట్జర్లండు దాకా రాళ్ళు చూసుకుంటూ వెళ్ళారు.

మేరీ హార్నర్ లయెల్! ఈ దండకంలో సగం ఆవిడకు చెందాలి. జర్మన్ వచ్చు, ఫ్రెంచి వచ్చు. గవ్వల శాస్త్రం పట్టుదలగా నేర్చుకుంది. భర్త కళ్ళు మొరాయించినప్పుడల్లా ఆమె కళ్ళు చదివాయి, ఆమె చెయ్యి రాసింది. తరువాతి రోజుల్లో మదీరా, కెనరీ దీవులకు వెళ్ళినప్పుడు నేల నత్తలు ఏరింది. పుస్తకాల అట్టల మీద ఆమె పేరు లేదు. పెళ్ళికి ముందు డార్విన్ తనకు కాబోయే భార్యకు రాసిన ఉత్తరంలో ఒక దృశ్యం ఉంది. తానూ లయెలూ అరగంట సేపు కలగాపులగం లేకుండా భూగర్భ శాస్త్రమే మాట్లాడుకుంటుంటే మిసెస్ లయెల్ పక్కన సహనానికి విగ్రహంలా కూర్చుందట. పాపం డార్విన్, ఆ విగ్రహానికి ఆ మాటలు ఎన్ని అర్థమయ్యాయో అడగలేదు.

నలుగురిలో లయెల్ గొంతు పెగిలేది కాదు. విందులో ఆయన గుసగుసకు మించి మాట్లాడడని, దాంతో సభ మొత్తం చప్పబడిపోతుందని డార్విన్ ఇల్లాలు ఎమ్మా ఫిర్యాదు చేసింది. ఆలోచన ముదిరితే ఇంకో విచిత్రం. నిలబడే ముందుకు వంగి కుర్చీ కూర్చునే పలక మీద తల ఆనించేవాడు. ఎదురుగా ఎవరున్నా సరే. డార్విన్ ఆత్మకథలో ఈ బొమ్మ ఉంది. అలాంటి మనిషికి నువ్వే గొంతు, ఉత్తరమా. నీలో ఆయన గొంతు ఎంత దూరమైనా వినిపించేది. దక్షిణాఫ్రికా కొసన కేప్‌లో దుర్బిణితో నక్షత్రాలు చూస్తున్న జాన్ హెర్షెల్ దాకా.

1836 ఫిబ్రవరిలో హెర్షెల్ అక్కణ్ణుంచి లయెల్‌కు ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అంతరించిపోయిన జీవుల స్థానంలో కొత్త జీవులు ఎలా వస్తాయన్నది రహస్యాలన్నిటికీ రహస్యమన్నాడు. మరుసటి ఏడు లయెల్ ఆయనకు ఒక సంతోషవార్త రాశాడు. బీగిల్ ఓడ దిగి వచ్చిన డార్విన్ అనే కుర్రవాడు పగడపు దిబ్బలకు కొత్త కారణం చెప్పాడు. సముద్రపుటడుగు నెమ్మదిగా కుంగుతుంటే పగడాలు అంత నెమ్మదిగానూ పైకి పెరుగుతాయి. వలయాకారపు దిబ్బలు మునిగిన అగ్నిపర్వతాల నోళ్ళని తాను అచ్చేసిన సిద్ధాంతం దాంతో కొట్టుకుపోయింది. మొదట కలుక్కుమంది, కానీ వదులుకోక తప్పదు అని రాశాడు. తన ఓటమిని ఇంత హుషారుగా పంచిపెట్టినవాణ్ణి నేను మరొకణ్ణి ఎరగను. డార్విన్ తక్కువ తినలేదు. తన పుస్తకాల్లో సగం లయెల్ బుర్రలోంచి వచ్చినట్టే తనకు ఎప్పుడూ అనిపిస్తుందని లయెల్ మామగారికే రాశాడు.

మిగతా టపా చూస్తే ఊరేగింపే. 1841లో బోస్టన్‌లో ఉపన్యాసాలకని మేరీతో సముద్రం దాటాడు. ఆ తరువాత మరో మూడుసార్లు అమెరికా వెళ్ళాడు. బోస్టన్ పండితుడు టిక్నర్‌తో స్నేహం జీవితాంతం ఉత్తరాల మీద బతికింది. ప్రిన్స్ ఆల్బర్ట్‌తో మాటలు, 1848లో సర్ బిరుదు, 1864లో బారొనెట్. ఇవన్నీ నీలో ఉన్నాయి. చదవచ్చు, నష్టం లేదు. పెద్దవాళ్ళ పొందు అంటే లయెల్‌కు కొంచెం మోజే.

1858 జూన్ దగ్గర మాత్రం ఆగాలి. అంతకు రెండేళ్ళ ముందే, 1856లో, డార్విన్ ఇంట్లో జాతుల మార్పు మీద ఆయన రహస్య సిద్ధాంతం విని, త్వరగా అచ్చేయించు, లేకపోతే ఎవరో ఒకరు ముందు చెప్పేస్తారని లయెల్ హెచ్చరించాడు. అన్నట్టే అయింది. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ తూర్పు దీవుల్లోంచి పంపిన వ్యాసం డార్విన్‌కు చేరింది. ఇద్దరిదీ ఒకే సిద్ధాంతం. జూన్ 18న డార్విన్ దాన్ని లయెల్‌కు పంపుతూ, మీ మాట అక్షరాలా నిజమైందని రాశాడు. వారం తిరిగేసరికి మళ్ళీ రాశాడు: ఇప్పుడు నాది అచ్చేస్తే నీచంగా ఉండదా? ఇంట్లో పిల్లలకు జబ్బు. జూన్ 28న ఏడాదిన్నర పసివాడు పోయాడు. ఇక ఏమీ ఆలోచించే స్థితిలో లేడు.

అప్పుడు లయెల్‌లోని పాత వకీలు మేలుకున్నాడు. వృక్ష శాస్త్రవేత్త హూకర్‌తో కలిసి జులై 1న లిన్నియన్ సొసైటీలో రెండు పక్షాల కాగితాలూ పెట్టాడు. డార్విన్ పాత రాతలో కొంత భాగం, అమెరికాలో వృక్ష శాస్త్రవేత్త ఆసా గ్రేకు 1857 సెప్టెంబరులో రాసిన ఒక ఉత్తరం నకలు, వాలెస్ వ్యాసం. ఆ నకలే ఎవరు ముందన్న దానికి రుజువు. ఉత్తరమా, ఎన్నో పనులు చేశావు గాని సాక్షి బోనెక్కింది అప్పుడే. డార్విన్ ఆ సభకు రాలేదు. వాలెస్ మలయా దీవుల్లో ఉన్నాడు. అతణ్ణి ఎవరూ అడగలేదు, అడగాలంటే నెలలు పట్టేది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుతుంది. పైగా వాలెస్ పంపిన ఆ కవరులోని కాగితాలు ఆ తరువాత దొరకలేదు. ప్రపంచాన్ని కదిపిన ఉత్తరం నకలైనా లేకుండా పోయింది.

ఇక ఆ పాత ముల్లు. జాతులు మారతాయంటే మనిషీ మారినవాడే. ఆ మెట్టు దగ్గర లయెల్ కాలు ఆగిపోయింది. 1863లో మనిషి ప్రాచీనతపై పుస్తకం వేశాడు. చెకుముకి పనిముట్లు, గుహలు, ఎముకలు అన్నీ పెట్టి, తీర్పు దగ్గర గొంతు తగ్గించాడు. మీ నమ్మకం మీరు గట్టిగా చెప్పలేకపోయారని డార్విన్ బాధగా రాశాడు. నా బుద్ధి ఒప్పుకున్నంత నా మనసు ఒప్పుకోవడం లేదన్న ధోరణిలో లయెల్ జవాబిచ్చాడు. ఆ పుస్తకం మీదే, తమ కష్టానికి తగిన పేరు ఇవ్వలేదని ఇంకొందరు మండిపడ్డారు. వాళ్ళలో ఒకడు మన సివాలిక్ కొండల్లో ఎముకలు తవ్విన ఫాల్కనర్. ఆ ఫిర్యాదు పత్రికకెక్కింది. నువ్వు తేలువి కూడా అవుతావు సుమా. చివరకు 1868కి పూర్తయిన 'ప్రిన్సిపుల్స్' పదో కూర్పులో లయెల్ జాతుల మార్పును ఒప్పుకున్నాడు. డెబ్బై ఏళ్ళ వయసులో, నలభై ఏళ్ళుగా తానే కట్టుకున్న గోడను తానే తీసేశాడు. పుస్తకంలో అది కొన్ని అధ్యాయాల మార్పు. ఉత్తరాలు చదివినవాడికే ఆ మార్పు బరువు తెలుస్తుంది. మాంటెల్‌తో ఆడిన ఆ ఒరాంగుటాన్ ముచ్చట నుంచి ఇక్కడికి ఎంత దూరమో.

ఆ కాలపు మనుషుల రాతలు మన నేలకూ తగిలాయి. లయెల్ పోయిన కొన్నేళ్ళకు ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్లీ చేసిన సూచన మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు అందింది. అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందు న్యూబోల్డ్ అనే ఆయన రాసి వదిలేసిన కర్నూలు గుహలను మళ్ళీ వెతకమని. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు వచ్చాడు. కొడుకు హెన్రీ తవ్వకం కొనసాగించాడు. ఆ సున్నపురాతి చీకట్లోంచి వచ్చిన ఎముకలు పుస్తకాలకెక్కాయి. ఈసారి అటు వెళ్తే గుహ నోటి దగ్గర ఒక నిమిషం ఆగండి. ఇక్కడికి పలుగూ పారా తెచ్చినదాంట్లో ఒక కాగితం పాత్ర కూడా ఉంది.

1881లో లయెల్ ఉత్తరాలను రెండు సంపుటాలుగా కూర్చింది కేథరిన్. ఆమె మేరీ చెల్లెలు. లయెల్ తమ్ముణ్ణి పెళ్ళాడింది కనక తోడికోడలు కూడా. భర్తతో ఇండియాలో ఉన్న రోజుల్లో ఇక్కడి మొక్కలు సేకరించింది. ఆ ఇంటి ఆడవాళ్ళందరి చేతుల్లోనూ ఏదో ఒక శాస్త్రపు మట్టి ఉంటుంది. లయెల్ జేబులో తిరిగిన నోటు పుస్తకాలు 294 మాత్రం ఆ కుటుంబం దగ్గరే ఉండి, 2019లో చందాలతో ఎడింబరో విశ్వవిద్యాలయానికి చేరాయి.

చివరి ఏళ్ళలో లయెల్‌కు చూపు దాదాపు ఆగింది. 1864 నుంచి అరబెల్లా బక్లీ అనే యువతి ఆయనకు కార్యదర్శి. తరువాత పిల్లలకు శాస్త్రం చెప్పే పుస్తకాలతో పేరు తెచ్చుకున్నది ఈవిడే. 1873లో మేరీ పోయింది, ఆయనకన్నా వయసులో ఎంతో చిన్నది. ఆ తరువాత వచ్చిన టపాలో ఆమె విప్పే ఉత్తరం ఒక్కటీ లేదు. 1875 ఫిబ్రవరి 22న లయెల్ కన్ను మూశాడు.

ఆ కబురు డార్విన్‌కు రాసింది అరబెల్లాయే. మర్నాడే డార్విన్ జవాబు రాశాడు. శాస్త్రంలో తాను చేసినదంతా దాదాపు ఆయన గ్రంథాలు చదివి నేర్చుకున్నదేనని ఎన్నటికీ మరవనన్నాడు. ఉత్తరం అరబెల్లా పేరు మీద వచ్చింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉత్తరాలు విప్పి పైకి చదవడం ఆమె పని. ఈ ఒక్కటి లోలోపలే చదువుకుని ఉండాలి.